నెలలు నిండని శిశువుల నేత్రరక్షణము - డాక్టరు సుభద్రా జలాలీ గారి కృషి

మన మహాసభల జ్ఞాపక సంచికలయందు చరిత్ర వ్యాసమనగా సామాన్యముగా శాసనములును, సంస్థానములును, వంశావళులును, సత్రములు కట్టించిన దాతల చిత్రపటములును ఉండుట ఆచారమైనది. అవి యుండవలసినవే. కాని మన కన్నులయెదుట, మన బిడ్డల కన్నులనిమిత్తము జరిగిన కృషికూడ చరిత్రయే యగునని మా యభిప్రాయము. అందుచేత ఈ సంవత్సరము హైదరాబాదు నగరమునందు నేత్రవైద్యములో ఒక నూతన శాఖకు పునాదులు వేసిన డాక్టరు సుభద్రా జలాలీ గారి కృషినిగూర్చి సంఘీయులకు విన్నవింప దలచితిమి.

ఈమె మన కులస్థురాలా యని సంచికా సంఘమువారిలో ఒకరిద్దరు మమ్ము ప్రశ్నించిరి. మేము విచారింపలేదు. ఆమె పరీక్షించిన శిశువులలో మన వారెందరని యడిగినచో అది కొంత యుక్తమైన ప్రశ్న యగును. జంటనగరములలో మన కుటుంబములు వేలకొలదిగా నున్నవి. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డలు లేని బంధువర్గము నేడు అరుదు.

స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట హైదరాబాదునకు క్రొత్త కాదు. 1889వ సంవత్సరమునందే రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ వనిత ఇచ్చటి వైద్య పాఠశాలలో ఉత్తీర్ణురాలై, రోగులకు క్లోరోఫారము నిచ్చు విద్యలో ప్రవీణురాలయ్యెను. ఆ కాలముననే క్లోరోఫారమునుగూర్చి ప్రపంచ ప్రసిద్ధములైన పరిశోధనలు ఈ నగరమున జరిగినవి. ఆమె 1909లో ఎడింబరోకు పోయి యున్నతవిద్య నభ్యసించి వచ్చెను. తరువాత మెహదీపట్నము చెంతనున్న ప్రభుత్వ నేత్రవైద్యశాలకు సరోజినీదేవి గారి పేరు పెట్టిరి. పేరు స్త్రీదే గాని, చిరకాలము నేత్రశస్త్రచికిత్సయందు ఖ్యాతి గడించినవారు పురుషులే. స్త్రీలైన వైద్యులు ప్రసూతి శాఖకే తగుదురను తలంపు మన పెద్దలలో బలముగా నుండెను. ఆ తలంపు పూర్తిగా పోయినదని మేము చెప్పజాలము.

జలాలీ గారి కృషి తెలియవలెనన్న ముందుగా వ్యాధి యెట్టిదో తెలియవలెను. కంటిలోపల వెనుకభాగమున రెటీనా అను పలుచని పొర కలదు. వెలుగును గ్రహించి మెదడునకు పంపునది యిదియే. తల్లిగర్భములో పిండమునకు నాలుగవ మాసము వచ్చువరకు ఈ పొరలో రక్తనాళము లుండవు. పిమ్మట కంటినరము మొదటినుండి బయలుదేరి, చెట్టు వేళ్లు పాకినట్లు, అంచులవైపునకు మెల్లమెల్లగా పాకును. ముక్కువైపు అంచును ఎనిమిదవ మాసాంతమునకు చేరును. కణతవైపు అంచును చేరుటకు తొమ్మిది మాసములును నిండవలెను. ఏడవ మాసముననో, అంతకు ముందుననో బిడ్డ పుట్టెనా, ఈ పాకుట సగముననే నిలిచిపోవును.

అట్లు పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు బలహీనములు. ప్రాణవాయువు నీయనిదే బ్రదుకదు. ఆ వాయువు అధికమైనచో లేత రక్తనాళములు ముడుచుకొనిపోయి పెరుగుట మానును. కొన్ని వారములైన తరువాత, రక్తము చాలని రెటీనా అంచులు ఆకలిగొన్నట్లై రక్తనాళములను పిలిచెడి పదార్థమును స్రవించును. అప్పుడు నాళములు పుట్టును గాని, క్రమము తప్పి, గడ్డివలె, కంటిలోపలి కుహరములోనికి పెరుగును. వానివెంట మచ్చపొర యేర్పడి, రెటీనాను లాగి, గోడనుండి ఊడదీయును. అంతటితో చూపు పోవును. ఆ దశలో శస్త్రచికిత్స చేసినను తిరిగి వచ్చునది స్వల్పము. ఈ వ్యాధికి రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ అని పేరు. వైద్యులు సంక్షేపముగా ఆర్.ఓ.పి. యందురు.

ఇందలి క్రూరత్వ మేమనగా, బయటికి ఏ చిహ్నమును కనబడదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, శిశువు ఏడ్వదు. తల్లి పాలిచ్చుచు బిడ్డ కన్నులలోనికి చూచి మురియుచుండగనే లోపల రెటీనా ఊడుచుండును. నల్లగ్రుడ్డు తెల్లగా మెరయుట తలిదండ్రులు గమనించునప్పటికి కొన్ని మాసములు గడచియుండును, చేయవలసిన కాలమును మించియుండును.

బోస్టను నగరమునందు టెర్రీ అను నేత్రవైద్యుడు 1942లో ఈ వ్యాధిని మొదట వర్ణించెను. తరువాతి పది పన్నెండేండ్లలో ధనిక దేశములయందు వేలకొలది శిశువులు అంధులైరి. ఎచ్చట ఉత్తమమైన ఆస్పత్రులు కలవో అచ్చటనే వ్యాధి యెక్కువగా కనబడుట చూచి వైద్యులు దిగ్భ్రాంతులైరి. కారణమిది కావచ్చునని మొదట వ్రేలు చూపినవారిలో ఒకరు స్త్రీ. మెల్బోర్ను నగర వాసియగు కేట్ కాంప్‌బెల్ అను శిశువైద్యురాలు 1951లో, ప్రాణవాయువును ధారాళముగా నిచ్చిన చోటను, పొదుపుగా నిచ్చిన చోటను పెరిగిన శిశువులను పోల్చి, ధారాళముగా నిచ్చిన చోటనే అంధత్వము హెచ్చని ప్రకటించెను. అమెరికాలో పలు ఆస్పత్రులు కలసి చేసిన పరీక్ష 1954లో ముగిసి, ఆమె సందేహమును స్థిరపరచెను. వెంటనే ప్రపంచమంతటను ప్రాణవాయువును బిగబట్టి యిచ్చుట కారంభించిరి. అంధత్వము తగ్గెను, కాని ఊపిరాడక చనిపోయిన శిశువుల సంఖ్య హెచ్చెనని తరువాత లెక్కలు తేలినవి. ప్రాణమా, చూపా యను ఈ ఘోరమైన తూకము, రక్తములోని ప్రాణవాయువును క్షణక్షణము కొలుచు యంత్రములు వచ్చువరకు వైద్యులను వేధించెను.

1988లో అమెరికా వైద్యులు, రక్తనాళములు చేరని అంచులను అతిశీతలముచే మాడ్చినచో చాలమంది శిశువుల చూపు నిలుచునని నిరూపించిరి. శీతలమునకు మారుగా లేజరు కిరణములు వచ్చినవి. అప్పటినుండి ఈ వ్యాధి చికిత్స లేనిది కాదు. సకాలమున చూచువా డొకడు ఉండవలెను, అంతే.

మన దేశమున ఆ చూచువారే కరవు. 1980వ దశకమునుండియు, విశేషించి 1990వ దశకమునను, మన పట్టణములందు నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సాగృహములు వెలసినవి. వెనుకటి రోజులలో కిలోకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డపై ఎవరును ఆశ పెట్టుకొనెడివారు కారు. ఇప్పుడు అట్టి బిడ్డలు బ్రదుకసాగిరి. ప్రాణవాయువు నిచ్చుటకు యంత్రములు వచ్చినవి గాని, దానిని కలిపి కొలిచి యిచ్చు సాధనములును, శిక్షణ పొందిన దాదులును, కన్ను చూచు వైద్యులును అదే వేగమున రాలేదు. లండనుకు చెందిన క్లేర్ గిల్బర్ట్ అను నేత్రవైద్యురాలు 1997లో, ఈ యంధత్వము ఇకమీదట మధ్యతరగతి రాబడిగల దేశములను పట్టి పీడించునని ప్రపంచమును హెచ్చరించెను. సరిగా ఆ కాలముననే జలాలీ గారు హైదరాబాదున పని ఆరంభించిరి.

ఆమెకు పనిచేయుట కాశ్రయమైన సంస్థనుగూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు; పోషకులు చదువు సంచిక గదా. ఏలూరు చెంతనున్న సోమవరప్పాడునందు జన్మించి, చలనచిత్ర రంగమున కీర్తినొందిన ఎల్.వి. ప్రసాదు గారి కుటుంబమువారు భూమిని, ధనమును దానమొసగగా, అమెరికాలో పేరుగాంచిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్వదేశమునకు వచ్చి, 1987లో బంజారాహిల్సుమీద ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థను స్థాపించిరి. ధనికునివద్ద రుసుము తీసికొని పేదవానికి ఉచితముగా అదే చికిత్స చేయుట వారి పద్ధతి. ఆ యావరణముననే జాస్తి వి. రమణమ్మ గారి పేర బాలల నేత్రవైద్య కేంద్రము వెలసినది. కల్యాణ మండపములకు మనవా రిచ్చు విరాళములలో పదవవంతైనను ఇట్టి పనులకు వచ్చియుండిన ఎంత బాగుండెడిదో యని మాకు తోచుట కలదు. ఈ మాట పోషకులకు కటువుగా నుండవచ్చును, అయినను ఉంచితిమి.

సుభద్రా జలాలీ గారు ఆ సంస్థలో రెటీనా శాఖయందు శస్త్రవైద్యురాలు. ఆ శాఖలో రోగులు సాధారణముగా మధుమేహముచే చూపు మందగించిన పెద్దలు. వారు తమంతట తామే వైద్యుని వెదకికొని వత్తురు. నెలలు నిండని శిశువు రాలేదు. దానిని తెచ్చుటయు ప్రమాదమే. గొట్టములతో, తీగలతో, గాజుపెట్టెలో నున్న తొమ్మిదివందల గ్రాముల బిడ్డను నగరపు దారులలో త్రిప్పువా డెవడు? కాబట్టి వైద్యురాలే బిడ్డవద్దకు పోవలెనని జలాలీ గారు నిశ్చయించుకొనిరి. తలకు తగిలించుకొను దీపపు పరికరమును, చేతికద్దమును, కనురెప్పలను తెరచియుంచు చిన్న తీగను తీసికొని, జంటనగరములలోని శిశు చికిత్సాగృహములకు వారము వారము పోవుట ఆమెయు, ఆమె సహచరులును ఆచారముగా పెట్టుకొనిరి. దీనికి భారతీయ జంటనగరముల ఆర్.ఓ.పి. కార్యక్రమమని పేరు వచ్చెను.

చెప్పుట సులభము. ఈ పనిలోని చిక్కులను తెలిసికొన్నవారికే దాని విలువ తెలియును. శిశువైద్యులకు తమ చికిత్సాగృహములో పరాయి వైద్యు డడుగిడుట యెన్నడును రుచించు విషయము కాదు. బిడ్డ శ్వాస నిలుపుటకై రేయింబవళ్లు పోరాడిన వైద్యునితో, నీవు కాపాడిన బిడ్డ అంధత్వమునకు లోనుకావచ్చునని చెప్పవలసివచ్చుట మరియు కష్టము. తలిదండ్రుల సంగతి సరేసరి. నెలరోజుల భయమునకు పిమ్మట బిడ్డ ప్రాణముతో ఇల్లు చేరుచున్నదని ఆనందించుచున్న వారికి, మరల వారము కన్ను చూపింపుడని చెప్పిన వినుదురా? చూపించునపుడు ఆ లేత రెప్పలను తీగతో తెరచుట కన్నతల్లి చూడగలుగునా? నానమ్మలు అమ్మమ్మలు మంత్రసానులు, పురిటి మైల తీరనిదే బిడ్డను గడప దాటింపరాదనువారు. ఈ యాచారములను మేము నిందింపము. వానిని దాటవలసిన కారణమును ఎవరైన ఓపికతో చెప్పినచో మన తల్లులు వినుదురనుటకు జలాలీ గారి పనియే తార్కాణము.

ఆమె ఆలోచనలో మాకు మిక్కిలి నచ్చినది ఆమె విధించిన గడువు. పాశ్చాత్య వైద్య గ్రంథములు శిశువు గర్భస్థమైన వారములు, పుట్టిన తరువాతి వారములు కూడి లెక్కించి పరీక్షాకాలమును నిర్ణయించును. మన దేశములో చాలమంది తల్లులకు గర్భము నిలిచిన తేది నిశ్చయముగా తెలియదు. కూడికలు తీసివేతలు దాదులకు, తలిదండ్రులకు గుర్తుండవు. పుట్టినరోజు మాత్రము అందరికి గుర్తుండును. అందుచే, పుట్టిన 30 దినములలోపల తొలి పరీక్ష జరిగి తీరవలెనని ఆమె ఒకే సూత్రము పెట్టిరి. మరీ తక్కువ బరువుతో, ఇరువదియెనిమిది వారములకు ముందు పుట్టినవారికి రెండు మూడు వారములకే చూడవలెనని చేర్చిరి. హిందీలో తీస్ దిన్ రోష్నీ కే, అనగా వెలుగునకు ముప్పది దినములు అను నినాదము దీనినుండి పుట్టినదే. బారసాలనాటికి పరీక్ష అయిపోవలెనని మన తెలుగు తల్లులకు చెప్పిన ఇంకను సులభముగా బోధపడునేమో!

ఇంకొక ముఖ్య విషయము. అమెరికాలోను, ఇంగ్లండులోను 1500 గ్రాములకు లోపు బరువున్న శిశువులను పరీక్షించిన చాలునను నియమ ముండెను. హైదరాబాదున ఆమె చూచిన శిశువులలో అంతకంటె బరువుగా, అంతకంటె ఎక్కువ వారములు గర్భములో నిలిచి పుట్టినవారిలోకూడ తీవ్రమైన వ్యాధి కనబడెను. విదేశీ నియమములను మక్కికి మక్కిగా అనుసరించియుండినచో ఆ బిడ్డలు పరీక్షకే రాక అంధులై యుందురు. ఈ సంగతిని ఆమె, సహచరులతో కలసి, 2006లో అమెరికా నేత్రవైద్య పత్రికయందు ప్రకటించి, మన వంటి దేశములకు కొలతలు విశాలముగా నుండవలెనని వాదించిరి. దానికి మూడేండ్లు ముందు, 2003లో, చండీగఢు, ఢిల్లీ, మద్రాసు నగరముల రెటీనా వైద్యులతో కూడి, ఇట్టి కార్యక్రమమును ఎట్లు నెలకొల్పవలెనో విశదపరచు వ్యాసమును భారతీయ నేత్రవైద్య పత్రికయందు ప్రచురించిరి. ఈ శాఖకు ఆమె యొక్కరే కర్త యనుట అతిశయోక్తి. తక్కిన నగరములలోను ఉద్దండులు కలరు. కాని ఒక నగరములోని శిశు చికిత్సాగృహములను ఒక తాటిపైకి తెచ్చి, వారము తప్పక పోవు క్రమము నేర్పరచిన వారిలో ఆమె అగ్రగణ్యురాలని మేము నిస్సంశయముగా చెప్పుదుము.

వ్యాధి ముదిరినదని తేలిన తరువాత 48 మొదలు 72 గంటలలోపల లేజరు చేయవలెను. ఇంత చిన్న బిడ్డకు మత్తు నిచ్చుట ప్రాణాపాయము. మత్తునిచ్చు వైద్యుడు దొరకుటయు, శస్త్రశాల ఖాళీయగుటయు ఆలస్యమునకు హేతువులు. జలాలీ గారు కంటిలో మొద్దుబారు చుక్కలు మాత్రము వేసి, శిశువైద్యుడు ప్రక్కన నిలిచి శ్వాసను గమనించుచుండగా లేజరు చేయు పద్ధతిని ఆచరించి దాని ఫలితములను ప్రకటించిరి. పిమ్మట నవజాత శిశు నేత్రారోగ్య కూటమి యను పేర, నేహా అను పొట్టిపేరుతో, ఈ పని సంస్థయొక్క తక్కిన ఆస్పత్రులకును వ్యాపించినది.

ఇక మాదాపురము సంగతి. 1998 నవంబరు 22వ తేదిన అటల్ బిహారీ వాజపేయి గారు సైబరు టవర్లను ప్రారంభించిరి. అంతకు మునుపు అచ్చట రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు. జలాలీ గారి వారపు పర్యటనలు మొదలైనదియు ఇంచుమించుగా ఆ సమయముననే. ఈ పాతికేండ్లలో గచ్చిబౌలి, కొండాపురము, నానక్‌రాంగూడ వరకు కార్యాలయములు వ్యాపించినవి. మన పల్లెలనుండి విద్యాధికులైన యువదంపతులు వేలకొలదిగా వచ్చి స్థిరపడిరి. వారివెంట పెద్ద ఆస్పత్రులును, వానిలో శిశు చికిత్సాగృహములును వచ్చినవి. వివాహము ఆలస్యమగుట, సంతానమునకై చికిత్స పొందుట, కవలలు పుట్టుట హెచ్చినకొలది నెలలు నిండని కాన్పులును హెచ్చుట సహజము. ఆడపిల్లలు ఉద్యోగములు చేయుటవలననే యిట్లగుచున్నదని వేదికలపై నుపన్యసించువారిని మే మెరుగుదుము. ఆ మాట వైద్యము కాదు. ఆ మేడలు కట్టుటకు పాలమూరునుండి, ఒరిస్సానుండి వచ్చిన కూలి స్త్రీలకును నెలలు నిండకయే కాన్పు లగుచున్నవి. వారికి పోషకాహారము లేమియే శత్రువు. మన దేశమంతటను 2020వ సంవత్సరమున సుమారు 30 లక్షల శిశువులు నెలలు నిండక జన్మించినట్లు అంచనా.

ఈ వ్యాధిని దేశవ్యాప్తముగా నెదుర్కొను ప్రయత్నములలో ఒకటి మాదాపురమునుండియే నడచుట విశేషము. కావూరి హిల్సులో నుండిన భారతీయ ప్రజారోగ్య సంస్థయందు డాక్టరు గుడ్లవల్లేటి వెంకట సత్యనారాయణమూర్తి గారును, పైన చెప్పిన క్లేర్ గిల్బర్ట్ గారును, 2014 తరువాతి సంవత్సరములలో, ఎలిజబెత్తు రాణిగారి వజ్రోత్సవ నిధి సాయముతో, ప్రభుత్వ శిశు చికిత్సాగృహములందు ఈ పరీక్షలను ప్రవేశపెట్టు కార్యక్రమమును నడపిరి. 2013లో కేంద్ర ప్రభుత్వమువారు ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందలి 30 వ్యాధులలోను ఆర్.ఓ.పి. చేరియున్నది.

న్యాయస్థానములును మౌనముగా లేవు. 1996లో ఒక ప్రభుత్వాస్పత్రిలో ఇరువదితొమ్మిదవ వారమున పుట్టిన ఆడశిశువునకు ఎవరును కన్ను చూడవలెనని చెప్పలేదు. బిడ్డ అంధురాలయ్యెను. తండ్రి పట్టువదలక పోరాడగా 2015లో సర్వోన్నత న్యాయస్థానము సుమారు 1 కోటి 80 లక్షల రూపాయల పరిహారము విధించెను. ఏండ్ల తరబడి వ్యాజ్యము! ఆ శిశువునకు కావలసినది అరగంట పరీక్ష. తీర్పు వెలువడిన తరువాత పలు ఆస్పత్రులు మేల్కాంచినవి. వైద్యురాలు ఏండ్ల తరబడి చెప్పిన మాటకంటె న్యాయమూర్తి ఒకమారు చెప్పిన మాట త్వరగా చెవికెక్కుట లోకస్వభావము కాబోలు.

మన సంఘమునకు ఇందుండి రెండు పనులు కనబడుచున్నవి. మన విద్యార్థి వేతనములలో వైద్యవిద్య చదువు బాలికలకు కొన్ని ప్రత్యేకించుట యొకటి. ఆ వేతనమునకు ప్రసూతి శాఖయే తీసికొనవలెనను మాటవరుస షరతును మానుకొనుట దానిలోని భాగము. రెండవది ఖర్చు లేనిది. మన జిల్లా శాఖలు పంచాంగములు, దినదర్శనులు అచ్చువేసి యింటింట పంచుచున్నవి. వానిలో ఒక పుటయందు ఈ క్రింది మాటలు వేయవచ్చును: ముప్పదినాలుగు వారములకు లోపుగాగాని, రెండు కిలోలకు లోపు బరువుతోగాని పుట్టిన బిడ్డను ఆస్పత్రినుండి తెచ్చుకొనునపుడు, కన్ను చూచిరా, చూచినచో మరల ఏ తేదికి రమ్మనిరి అని యడిగి, ఆ తేదిని వ్రాయించుకొనవలెను. మొదటి పరీక్షలో బాగున్నదన్నంత మాత్రమున చాలదు. రక్తనాళములు అంచువరకు చేరినవని వైద్యుడు చెప్పువరకు పోవలెను. లేజరు చేసిన బిడ్డలకు తరువాతి కాలమున దూరదృష్టి మందగించుటయు, మెల్లకన్ను వచ్చుటయు కలవు గనుక, బడికి పోవు వయస్సు వచ్చువరకు ఏటేట చూపించుచు, కావలసినచో కళ్లద్దములు పెట్టింపవలెను. ఆడపిల్లకు చిన్ననాటనే కళ్లద్దములు పెట్టించిన పెండ్లి కాదని మానిపించు తలిదండ్రులు మనలో నేటికిని కలరు. జిల్లా శాఖల కార్యదర్శులు అట్టి యిండ్లకు స్వయముగా పోయి చెప్పివచ్చుట మంచిది.